పడవ మీద రసమట్టం

తిరుమలరావుకి గోడలంటే విసుగు పుట్టి ఏడాది దాటింది. నిజానికి అది విసుగు కాదు, భయం. కానీ నలభై ఏడేళ్లవాడు, ఇరవై రెండేళ్లుగా ఏసీలు బిగిస్తున్నవాడు, శ్రీకాకుళంలో సగం మేడల గోడలకి తన చేత్తో కన్నాలు వేసినవాడు నోరు తెరిచి భయం అని ఎలా అంటాడు? విసుగనే అనేవాడు.

కిందటి వేసవిలో ఒక డాక్టరుగారి ఇంట్లో, రెండో అంతస్తు గోడకి బయటి యూనిట్ బిగిస్తూ సన్‌షేడ్ మీంచి జారాడు. కింద ఇసక కుప్ప ఉండబట్టి ప్రాణం దక్కింది. ఎడమ మోకాలు మాత్రం చితికింది. ఆస్పత్రి మంచం మీద ఇంకా కళ్లు సరిగ్గా తెరవకముందే భార్య ఈశ్వరి అతని చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. ఆమె అతనికి సొంత మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచీ బావా అని పిలిచే మనిషి, అతను చెప్పే మాటల్లో ఏది నిజమో ఏది కాదో తెలిసిన మనిషి.

“ఇంక గోడలట్టుకుని ఏలాడనని ఒట్టెయ్యి బావా. నామీద ఒట్టు. నీకేటైనా అయితే నానెవుల మొగం సూసి బతకాల?” అంది.

ఒట్టేశాడు. వేశాక తెలిసొచ్చింది, గోడెక్కని ఏసీ మెకానిక్ ఉత్త చేతులవాడితో సమానమని. ఫిల్టర్లు కడగడానికీ గ్యాస్ నింపడానికీ ఊళ్లో కుర్రకారు కొల్లలుగా ఉన్నారు. అసలు పని అంతా కొత్త ఏసీ బిగించడంలోనే ఉంది, అదంతా గోడలమీదే ఉంది. ఎవరైనా ఫోన్ చేసి “మూడో అంతస్తండీ” అనగానే, ఆ రోజు పెళ్లుందనో, బండి పాడైందనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాడు. ఒకే నెలలో అతని బండి ఆరుసార్లు పాడైంది. జనం వెర్రివాళ్లా? పిలవడం మానేశారు.

సరిగ్గా అప్పుడు వచ్చింది మోహనకృష్ణ కబురు. ఆయన రొయ్యల చెరువుల మీద నాలుగు డబ్బులు చూసిన మనిషి. ఇప్పుడు కళింగపట్నం దగ్గర, వంశధార సముద్రంలో కలిసేచోట నాలుగు గదుల పడవ కట్టిస్తున్నాడు. “భోగాపురంలో విమానం దిగినోళ్లు ఎక్కడికెళ్తారు? బీచీ సూస్తారు, గుడి సూస్తారు, తరవాత? నా పడవెక్కుతారు” అన్నాడు. గదికొక ఎయిర్ హ్యాండ్లర్ బిగించాలి. అంటే గది పైభాగంలో కూర్చుని చల్లగాలి ఊదే పొడుగాటి పెట్టె. అసలు యంత్రం ఇంజన్ గదిలోనే ఉంటుంది. ఎక్కడా గోడ లేదు, సన్‌షేడ్ లేదు, కిందకి చూస్తే కళ్లు తిరగడం లేదు.

“ఇది కుదిరిందంటే ఇంకో నాలుగు పడవలు కడతాను. అన్నిటి ఏసీలూ ఏడాది పొడుగునా నువ్వే సూసుకో తిరుమలరావూ.”

ఆ మాటకి తిరుమలరావు ప్రాణం లేచొచ్చింది. ఇంక జన్మలో గోడ ముఖం చూడక్కర్లేదు. ఇంటికెళ్లి ఈశ్వరికి చెప్తే, ఆవిడ లేచి వెళ్లి దీపం పెట్టుకొచ్చింది.

అయ్యా, పని దొరికింది సరే, పడవంటే ఏమిటో అతనికి తెలిస్తేగా!

మొదటి రోజే తగువు. ఏటి గట్టున దుంగల మీద నిలబెట్టి ఉంది పడవ. ముక్కు ఊరి వైపు, వెనక భాగం ఏటి వైపు. తిరుమలరావు నిచ్చెనెక్కి చెప్పులతో సహా లోపలికి అడుగేశాడు. లోపల చెక్క చిత్రిక పడుతున్న ముసలాయన ఉలిక్కిపడి లేచాడు. ఆయన చినబాబు, పడవల మేస్త్రి. డెబ్బై దాటినా ఉలి పడితే చెయ్యి వణకదు.

“ఓరి నీ పుట్టె మునగ! ముక్కుకి పసుపు రాసి గంగమ్మకి మొక్కిన పడవరా ఇది. సెప్పులు!”

“పడవింకా నీళ్లే సూడలేదు, అప్పుడే గుడయిపోయిందేటి?” అంటూనే తిరుమలరావు చెప్పులు విప్పి కిందకి విసిరాడు. ఒకటి వెళ్లి బురదలో పడింది. దాన్ని కడుక్కునేసరికి ఇంకా మండిపోయింది.

అంతటితో ఆగితే బాగుండేది. లోపల పడవ పక్కటెముకల్లాంటి వంపు చెక్కలన్నిటి మీదా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా ఒక గీత గీసి ఉంది. కంటికే అది వాలుగా, వెనక్కి దిగిపోతున్నట్టు కనిపించింది. తిరుమలరావు సంచీలోంచి రసమట్టం తీశాడు. గోడ సమంగా ఉందో లేదో బుడగని చూసి చెప్పే ఆ రెండడుగుల పట్టీ అతనికి దేవుడి పటంతో సమానం. గీతకి ఆనించి చూశాడు. బుడగ పరుగెత్తి ఒక మూలకి చేరింది. పకపకా నవ్వాడు.

“ఏటి మేస్త్రీ, గీత గీసినప్పుడు కల్లు మీదున్నావేటి? ఇంత వంకరా!”

పని చేస్తున్న నలుగురు వడ్రంగులూ తలలెత్తారు. చినబాబు చెవి మీది బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు, వెలిగించలేదు. పడవ ముక్కు వైపు వెళ్లిపోయాడు. ఆ తరవాత పద్దెనిమిది రోజులు ఇద్దరూ ఒకే పడవలో పని చేశారు గానీ, ఆయన తిరుమలరావుతో మాట్లాడితే ఒట్టు.

ఆ పద్దెనిమిది రోజులూ తిరుమలరావు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. నాలుగున్నర అడుగుల పెట్టె పడవ తలుపులోంచి పట్టలేదు. తలుపు చట్రం ఊడదీయాల్సొచ్చింది. ఊడదీస్తే వడ్రంగులు కయ్యానికొచ్చారు. ఇంట్లో గోడ నిటారుగా ఉంటుంది, పైకప్పు చదునుగా ఉంటుంది, మూల మూలలా ఉంటుంది. ఇక్కడ అన్నీ వంపులే. ఒక్క గదిలో అయినా రెండు పక్కలు ఒక్కలా ఉంటేనా! కొలిచి కోసిన బ్రాకెట్ ఇటు సరిపోతే అటు సరిపోదు. ఉప్పుగాలికి మేకులు రెండ్రోజుల్లో తుప్పు పట్టాయి, అన్నీ పీకి స్టీలువి వేశాడు. మోహనకృష్ణ రోజుకోసారి వచ్చి “ఈ డబ్బాలు కనపడకూడదు, గొట్టాలసలే కనపడకూడదు, అన్నీ చెక్కపలకల వెనక్కి పోవాల” అని వెళ్లేవాడు. వంగి వంగి మోకాలు బూరెలా పొంగింది. రాత్రి ఈశ్వరి వేడి నూనె రాస్తూ “గోడే మేలేటి?” అంటే, “నోరు మూసుకో” అని ఆవిడ మీద అరిచాడు. అరిచినందుకు మళ్లీ తనే బాధపడ్డాడు.

ఒక్క విషయంలో మాత్రం అతనికి ధీమా. గాలి చల్లబడేటప్పుడు పెట్టెలో నీరు ఊరుతుంది. అందులోనూ సముద్రం పక్కన గాలంతా చెమ్మే, బిందెలకొద్దీ ఊరుతుంది. ఆ నీరు పెట్టె కింద పళ్లెంలో పడి, సన్న గొట్టంలోంచి పడవ వెనక భాగానికి వెళ్లి, అక్కడి కన్నంలోంచి ఏట్లో పడాలి. అందుకు గొట్టానికి వాటం ఉండాలి. అంటే నీరు జారిపోయేంత వాలు. పొందూరు పక్క పల్లెలో వరి పండించే ఇంట పుట్టినవాడు, నాన్నతో పాటు దమ్ము చేసి మడి చదును చేసినవాడు. నీరు పల్లమెరుగు అని అతనికి ఇంకొకరు చెప్పాలా? రసమట్టం పెట్టి, బుడగ చూసుకుంటూ, మూరకి ఇంత అని వెనక్కి వాటం వేసుకుంటూ పోయాడు. ఎర్రగీత వంక చూడనేలేదు. అంతా అయ్యాక ఒక్కో పళ్లెంలో చెంబుడు నీళ్లు పోశాడు. నీళ్లు గలగలా వెళ్లి వెనక కన్నంలోంచి ధారగా పడ్డాయి.

“సూసేవా?” అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

దూరంగా కూర్చున్న చినబాబు ఆ ధార వంక చూశాడు, ఏటి వంక చూశాడు, తల తిప్పుకున్నాడు. వడ్రంగులొచ్చి చెక్కపలకలు బిగించేశారు. గొట్టాలు, గీత, అన్నీ వాటి వెనక్కి పోయాయి.

పడవని నీట్లోకి దించి, డీజిల్ నింపి, పరుపులు వేశాక మోహనకృష్ణ ఎనిమిదిమంది అతిథుల్ని తీసుకొచ్చాడు. అందరూ వైజాగ్‌లో టూర్లు నడిపేవాళ్లు. వాళ్లు మెచ్చుకుంటే ముందు ముందు జనాన్ని పంపుతారు. తిరుమలరావు ఉతికిన చొక్కా వేసుకుని మెట్ల దగ్గర నిలబడ్డాడు, చినబాబు ముక్కు దగ్గర కూర్చున్నాడు. బయట ఎండ మాడ్చేస్తోంది. గదుల్లోకి అడుగుపెట్టిన ప్రతివాడూ “ఆహా” అన్నాడు. ఆ ఆహాలన్నీ అతను లెక్కపెట్టుకున్నాడు.

పడవ గట్టు వదిలి అరగంట గడిచిందో లేదో, మూడో గదిలోంచి ఒకావిడ కెవ్వుమంది.

చెక్కపలకల సందుల్లోంచి నీళ్లు. ముందు బొట్లుగా, తరవాత ధారగా, తెల్లటి దుప్పటి మీద. పక్క గదిలోనూ అంతే. ఇంట్లో ఏసీ కారితే బకెట్ పెడతారు. పడవలో నీళ్లు కనపడితే ఎవరైనా ఏమనుకుంటారు? “పడవ కారిపోతోంది!” అని ఒకడు అరిచాడు. అంతే, లైఫ్ జాకెట్ల కోసం తోపులాట మొదలైంది. ఒకాయన జాకెట్ తిరగేసి తొడుక్కుని, ముడి ఊడక, అలాగే కుర్చీ మీదెక్కి నిలబడ్డాడు.

మోహనకృష్ణ ముఖం నల్లబడిపోయింది. “చినబాబూ! ఏటిది? కొత్త పడవ కారడమేటి? యాభై ఏళ్లుగా పడవలు కడతన్నానన్నావు, ఇదేనా కట్టడం? పరువు తీసేవు కదయ్యా!”

చినబాబు వంగి, దుప్పటి మీద పడ్డ నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఆ చోట వంశధార నీరు నోట పెట్టలేనంత ఉప్పన. ఈ నీరు చప్పగా ఉంది. ఆయన నెమ్మదిగా తలెత్తి తిరుమలరావు కళ్లలోకి చూశాడు.

తిరుమలరావుకి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఏటి గట్టు వాలు. ఆ వాలు మీద పడవ తోక కిందకి పెట్టి కూర్చుంది. అలా కూర్చున్న పడవలో అతను బుడగ చూసుకుని వాటం వేశాడు. ఇప్పుడు పడవ నీట్లో సమంగా తేలింది, తోక లేచింది, గొట్టాలన్నీ వెనక కన్నానికి ఎదురెక్కుతున్నాయి. చెంబుడు నీళ్లు పోసి మురిసిపోయాడే, అక్కడే మోసపోయాడు.

నోరు మూసుకుంటే సరిపోయేది. పలకల వెనక ఏముందో ఎవరికీ తెలీదు. మేస్త్రి మీద పడ్డ నింద మేస్త్రి మీదే ఉండేది. రాత్రికి రాత్రి సర్దుకుంటే నాలుగు పడవలూ తనవే. ఇదంతా అతని బుర్రలో తిరిగిన మాట నిజం. కానీ ముసలాయన ఇంకా అలాగే చూస్తున్నాడు, పెదవుల మీద ఆ నీటి తడి ఆరలేదు.

“బాబూ, పడవ కారలేదు” అన్నాడు తిరుమలరావు, అందరికీ వినపడేలాగ. “అది ఏటి నీరు కాదు. నా పెట్టెల్లో నీరు. గొట్టాల వాటం నానే తప్పేసేను. మేస్త్రి పని వజ్రం. తప్పంతా నాది.”

అతిథులు జాకెట్లు విప్పారు గానీ నవ్వు ముఖాలు మళ్లీ పెట్టలేదు. పడవ వెనక్కి తిరిగింది. దిగేటప్పుడు మోహనకృష్ణ తిరుమలరావు వంక చూడకుండా “మూడ్రోజుల్లో బాగు సెయ్యి” అని మాత్రం అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పలకలన్నీ ఊడదీసి తిరుమలరావు రసమట్టం తీశాడు. అదేం ఖర్మో, బుడగ ఒకచోట నిలిస్తేనా! అల వస్తే అటు, పడవలో ఎవడైనా నాలుగడుగులేస్తే ఇటు. తల బద్దలుకొట్టుకోవాలనిపించింది. “దీని దుంప తెగ!” అని పట్టీని విసిరేయబోతుంటే వెనక నుంచి మాట వినిపించింది, పద్దెనిమిది రోజుల పైన మొదటిసారి.

“దాన్ని సంచీలో ఎట్టీ.”

చినబాబు లోపలికొచ్చి ఎర్రగీత మీద వేలు పెట్టాడు. “పడవకి నేల్తో పనేటిరా? నీటితో పని. ఈ గీతే నీరు. దిగినాక పడవ ఈ గీతకి సమంగా తేల్తాదని ఇంజనెక్కడో డీజిలెక్కడో అంతా సూసే గీసేను. నీ వాటం దీనికాణ్ణుంచి కొల్సుకో. జనం ముందుకెల్లి నిలబడితే పడవ ముక్కు వొంగుతాది, అందుకని ఇంకో రెండంగుళాలు ఎక్కువెయ్యి.”

“ఈ ముక్క ముందే సెప్తే నీ సొమ్మేటి పోయింది?” అన్నాడు తిరుమలరావు, ఏడుపొచ్చినంత పనై.

“కల్లు తాగినోడి మాట నువ్వినేవాడివేటి?”

తిరుమలరావు తల దించుకున్నాడు. “తప్పయిపోయింది మావా.”

“నాదీ తప్పే. నీ ధార సూసిన్నాడే నాకు తెలుసు. పడనీ, బుద్దొస్తాదని ఊరుకున్నాను. అది తిరిగి నా పడవ మీదే పడింది.” చినబాబు బీడీ వెలిగించాడు. “నిన్న నువ్వు నోరిప్పకపోతే, ఈ ఏటి పొడుగునా నా పేరు పోయును. పట్టు, ఆ కొస పట్టు.”

మూడు రోజులు ఇద్దరూ పెట్టెలు దింపి, గొట్టాలు విప్పి, గీత నుంచి జానలతో కొలుచుకుంటూ మళ్లీ బిగించారు. నాలుగో రోజు ఏసీలు నాలుగు గంటలు నడిపారు. ముక్కు వైపు పదిమందిని నిలబెట్టి చూశారు. బొట్టు రాలలేదు. వెనక కన్నంలోంచి నీరు సన్నగా, ఆగకుండా ఏట్లో పడుతోంది. తన జన్మలో ఇంత మంచి పని చెయ్యలేదని తిరుమలరావుకి తెలుసు.

మోహనకృష్ణ వచ్చి, నాలుగు గదులూ తిరిగి, దుప్పట్లు తడిమి చూశాడు. “బాగుంది” అన్నాడు. తరవాత గొంతు సవరించుకున్నాడు. “మిగతా పడవలకి వైజాగ్ కంపెనీ వాళ్లతో మాటాడేసేను తిరుమలరావూ. వాళ్లకి పడవల అనుభవం ఉన్నాది.”

“నాకూ ఉన్నాది కదా బాబూ! ఇప్పుడే కదా వచ్చింది!”

“వచ్చింది. నా పడవ మీద, నా అతిథుల ముందర వచ్చింది.”

చినబాబు మధ్యలోకొచ్చి “అలాగనకు బాబూ, ఈడు మంచి పనోడు” అని బతిమాలాడు. మోహనకృష్ణ అప్పటికే ఫోనెత్తి గట్టు మీదికి నడుస్తున్నాడు.

బస్సులో వస్తూ తిరుమలరావు అందరినీ తిట్టుకున్నాడు. మోహనకృష్ణని, వైజాగ్ కంపెనీని, నిజం చెప్పిన తన నోటిని. సింగుపురం దాటేసరికి తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. ఇంటికెళ్లి జరిగిందంతా ఈశ్వరికి చెప్పాడు, ఏదీ దాచలేదు.

“నిజం సెప్పినావు, అది బాగుంది” అంది ఈశ్వరి. “ముందు ఆ పెద్దాయన్ని కల్లు తాగినావని ఎందుకన్నావు? ఆ నవ్వు నవ్వకపోతే ఆయన మొదటి రోజే సెప్పును. నోరా, తాటిమట్టా బావా అది?”

రెండు వారాలు పని లేదు. మూడో వారం ఫోన్ మోగింది. డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు, రెండు కొత్త ఏసీలు. తిరుమలరావు అలవాటు చొప్పున “బండి...” అని మొదలెట్టి ఆగిపోయాడు. రేపొస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాడు.

“ఎక్కడికి?” అంది ఈశ్వరి.

“ఫిల్టర్లు కడగాల.”

పొద్దున్న బండి తీసేసరికి ఆవిడ తలుపుకి తాళం వేసొచ్చి వెనక సీటెక్కి కూర్చుంది. “నానూ వస్తన్నాను. పోనీ.” అపార్ట్‌మెంట్ మెట్లన్నీ అతని వెనకే ఎక్కి, డాబా మీదికొచ్చింది. అతను పిట్టగోడ మీంచి కిందకి చూశాడు. వెంటనే ఒకడుగు వెనక్కి వేశాడు. తాడు ఒక కొస నీళ్ల ట్యాంకు స్తంభానికి కట్టాడు, రెండో కొస నడుముకి కట్టుకున్నాడు. ఈశ్వరి కొంగు బిగించి, ఆ తాడు నడిమి భాగం రెండు చేతుల్లోకి తీసుకుని, స్తంభానికి పాదం తన్నిపెట్టి నిలబడింది.

“ఒసే, ఒట్టు నీమీద ఏసేనే” అన్నాడు తిరుమలరావు. “నీకేటైనా అయితే?”

“ఒట్టు తీసి గట్టు మీద ఎట్టీసేను” అంది ఈశ్వరి. “దిగు.”

అతను పిట్టగోడ దాటి కాలు బయట పెట్టాడు. పైన ఆవిడ చేతుల్లో తాడు బిగుసుకుంది.